తోబుట్టువులను విడదీయకుండా ఒకే ఇంటికి దత్తత పంపాలంటే ఏం చేయాలి

మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. అక్కకు ఆరేళ్లు దాటాయి, తమ్ముడికి ఇంకా రెండు నిండలేదు. బాలల సంక్షేమ కమిటీ, అంటే అందరూ సీడబ్ల్యూసీ అని పిలిచేది, వాళ్లను ఫోస్టర్ కేర్ కింద, అంటే కన్నవాళ్లు కాని కుటుంబంలో కొంతకాలం పెరిగేలా, మీకు అప్పగించింది. కన్నవాళ్లు తిరిగి వచ్చే దారి లేదని తేలుతోంది. వాళ్లకు ఎప్పటికీ ఉండిపోయే అమ్మా నాన్నా కావాలి, ఇద్దరూ ఒకే గడప తొక్కాలి. మీ మనసులో ఉన్నది అదే. గుంటూరులోనో విజయవాడలోనో ఉంటూ ఇందుకోసం మీరు చేయగల పనులను వరుసగా రాస్తున్నాను. మనవల్ని చూసుకుంటున్న అమ్మమ్మకైనా, హోమ్‌లో పిల్లల్ని సాకుతున్న ఆయాకైనా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. దత్తత కుటుంబాన్ని వెతికి పట్టుకొచ్చే పని మీది కాదు. అనాథలైన, వదిలేసిన, కన్నవాళ్లు అప్పగించిన పిల్లల దత్తత దేశమంతటా కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్ ద్వారానే జరుగుతుంది. మీ చేతిలో ఉన్నది వేరే ఉంది. ఈ పిల్లల గురించి ఏ అధికారికీ తెలియని సంగతులు మీకు తెలుసు. అవి సమయానికి కాగితం మీదికి చేరితే ఇద్దరూ కలిసి వెళ్లే అవకాశం బాగా పెరుగుతుంది. పిల్లలు విడిపోయేది చాలాసార్లు ఎవరి చెడ్డబుద్ధి వల్లా కాదు. ఎక్కడో ఇద్దరి ఫైళ్లు వేరైపోతాయి, ఆ తర్వాత ఎవరూ వాటిని కలపరు.

కమిటీ ఇచ్చిన ఆర్డర్ చదవండి

పిల్లల్ని మీకు అప్పగించినప్పుడు ఇచ్చిన ఆర్డర్ కాపీ తీసి నెమ్మదిగా చదవండి. ఎంతకాలానికి ఇచ్చారు, కన్నవాళ్ల గురించి ఏం రాశారు, ఇద్దరి పేర్లూ ఒకే ఆర్డర్‌లో ఉన్నాయా, ఈ మూడూ చూడండి. తండ్రి జైల్లో ఉన్నా, తల్లి ఆస్పత్రిలో ఉన్నా, ఆ పిల్లలు దత్తతకు వెళ్లే పిల్లలు కారు. అమ్మానాన్నలు కోలుకునే దాకా వాళ్లను కాపాడటమే అప్పుడు మీ పని. దత్తత మాట ఎత్తాలంటే కమిటీ వాళ్లను 'దత్తతకు చట్టపరంగా స్వేచ్ఛ ఉన్న పిల్లలు' అని ప్రకటించి ఉండాలి. వ్యవహారంలో దీన్ని లీగల్లీ ఫ్రీ అంటారు.

ఆ ప్రకటనకు 2015 బాలల న్యాయ చట్టంలో గడువు ఉంది. పిల్లల్ని కమిటీ ముందు హాజరుపరిచిన రోజు నుంచి లెక్క వేస్తే రెండేళ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, అంతకంటే పెద్ద బిడ్డకు నాలుగు నెలలు. కన్నవాళ్లే కమిటీ ముందుకొచ్చి రాసి అప్పగించిన పిల్లలైతే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల సమయం ఇవ్వాలి. ఈ లోపల పోలీసులు, జిల్లా బాలల సంరక్షణ అధికారి, అంటే డీసీపీవో, తమ వంతు విచారణ చేస్తారు.

దత్తతకు అర్హులని కమిటీ తేల్చిన బిడ్డను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచకూడదని చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి 'మా దగ్గర బాగానే ఉన్నారు కదా, ఎందుకు కదిలించడం' అని ఫైలును పడుకోనివ్వకండి. నెలలు గడుస్తున్నా కదలిక లేకపోతే కమిటీకి ఒక అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగింది ఎవరికీ గుర్తుండదు.

బంధువులు ఎవరైనా ఉన్నారేమో

మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో కూలీలు గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తారు. విజయవాడ రైల్వే స్టేషన్ లాంటి పెద్ద జంక్షన్‌లో తప్పిపోయిన పిల్లలది ఏ ఊరో తెలియడమే కష్టం. 'ఎవరూ లేరు' అని ఫైల్లో రాసి ఉన్న పిల్లలకు ఏ ఊళ్లోనో మేనమామ ఉండవచ్చు. పెద్ద పాప మాటల మధ్యలో 'మా తాత ఎద్దుల బండి' అనో, 'గుడి పక్కన మా పిన్ని వాళ్లిల్లు' అనో అంటుంది. అన్న మాటను అన్నట్టుగా రాసి, తేదీ వేసి డీసీపీవోకు ఇవ్వండి. మీరు ప్రశ్నలేసి తవ్వొద్దు. పిల్లలు అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

చట్టం దృష్టిలో దత్తతకు బంధువులంటే బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, రెండు వైపుల తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ. వీళ్లు ముందుకొస్తే మిగతా వాళ్లలా పోర్టల్ వరుసలో ఎదురుచూడక్కర్లేదు, దత్తత తల్లిదండ్రులకు పెట్టిన వయసు పరిమితీ వర్తించదు. 'ప్రేమ ఉంది కానీ ఇద్దర్ని పోషించలేం' అనే పిన్ని ఉంటే మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద వచ్చే స్పాన్సర్‌షిప్ గురించి చెప్పండి. ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. పేదరికం ఒక్కటే కారణమైతే పిల్లల్ని సొంత మనుషుల నుంచి వేరు చేయకూడదని నా గట్టి నమ్మకం. ఈ డబ్బు ఉన్నది కూడా అందుకే.

ఇద్దరి ఫైలూ ఒక్కటయ్యేలా చూడండి

అసలు కష్టం ఇక్కడే ఉంది.

మన దగ్గర శిశుగృహలో ఆరేళ్ల లోపు పిల్లల్ని ఉంచుతారు. ఆరు దాటిన ఆడపిల్లలు బాలసదనానికి, మగపిల్లలు మరో హోమ్‌కు వెళతారు. తమ్ముడు శిశుగృహలో, అక్క బాలసదనంలో ఉంటే రెండు రిజిస్టర్లు, రెండు కేసు నంబర్లు, ఇద్దరు వేర్వేరు ఉద్యోగులు. అక్క పేరు పక్కన ఇంటిపేరు ఉంటుంది, తమ్ముడి దగ్గర ఉండదు. ఒక చోట తండ్రి పేరు వెంకటేశ్వర్లు అని, ఇంకోచోట వెంకటేష్ అని పడుతుంది. గడువులు కూడా వేరు: చిన్నవాడికి రెండు నెలలు, పెద్దదానికి నాలుగు. చిన్నవాడి ప్రకటన ముందు వచ్చేసి, వాడొక్కడి వివరాలే పోర్టల్‌లోకి ఎక్కాయనుకోండి, చిన్నబిడ్డ కోసం ఏళ్ల తరబడి వేచి ఉన్నవాళ్లు వెంటనే తీసుకుంటారు. ఆరేళ్ల అక్క ఇక్కడే మిగిలిపోతుంది.

అందుకే పిల్లలు చేతికొచ్చిన మొదటి రోజుల్లోనే ఈ పనులు పెట్టుకోండి. వీళ్లిద్దరూ ఒక తల్లి బిడ్డలని, ఇద్దరినీ కలిపే చూడాలని కోరుతూ కమిటీకి అర్జీ ఇవ్వండి. ఇద్దరి ప్రకటనా కలిసి రావాలని, పోర్టల్‌లో తోబుట్టువులుగానే నమోదు చేయాలని అందులో స్పష్టంగా అడగండి. తోబుట్టువుల్ని ఫోస్టర్ కుటుంబాల్లో కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని 44వ సెక్షన్‌లోనే ఉంది, ఆ మాట ఎత్తిరాయండి. ఆధార్, టీకాల కార్డు, అంగన్‌వాడీ రికార్డు, బడి రికార్డు, అన్నింట్లో పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. కలెక్టర్ దగ్గరికి ఫైలు వెళ్లాక అక్షరం తేడా బయటపడితే అందరికీ టెన్షన్.

పిల్లలు ఇప్పటికే రెండు చోట్ల ఉంటే, వారం వారం కలుసుకునే ఏర్పాటు చేయమని రాతపూర్వకంగా అడగండి. గుంటూరులో ఒకరు, విజయవాడలో ఒకరు ఉన్నా వారధి దాటితే గంట ప్రయాణం, దూరం సాకు కాకూడదు. ప్రతి కలయికా రిజిస్టర్‌లోకి ఎక్కాలి. రేపు ఎవరైనా 'వీళ్ల మధ్య పెద్ద అనుబంధం ఏమీ లేదు' అంటే, ఆ రిజిస్టరే జవాబు చెబుతుంది.

కలిపి ఉంచకూడని సందర్భాలూ ఉంటాయి. ఒకరి వల్ల మరొకరికి హాని జరిగి ఉంటే, కౌన్సెలర్ చూసి విడిగా ఉంచడమే మేలని చెబితే, పట్టు పట్టకండి. చట్టం కూడా పిల్లల మేలుకే మొదటి చోటు ఇచ్చింది.

మీకు తెలిసిందంతా రాసి ఇవ్వండి

దత్తత కోరే కుటుంబానికి కనిపించేవి ఒక ఫొటో, పిల్లల అధ్యయన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక. నివేదిక రాసే సోషల్ వర్కర్ పిల్లల్ని చూసేది కొద్దిసేపే. రాత్రీ పగలూ చూసేది మీరు. ఒక నోటు పుస్తకం తీసుకుని ఇద్దరి గురించి విడివిడిగా, తర్వాత ఇద్దరి మధ్య సంగతుల గురించి రాయండి.

'మంచి పిల్లలు, చురుకైనవాళ్లు' అని రాస్తే దేనికీ పనికిరాదు. తమ్ముడు పప్పన్నం తింటాడు, పెరుగంటే ముఖం తిప్పుకుంటాడు. కరెంటు పోతే ఏడుస్తాడు. అక్క ఇడ్లీ దాచి దిండు కింద పెడుతుంది, ఎందుకంటే ఒకప్పుడు తిండి లేని రోజులు చూసింది. తమ్ముడికి జ్వరం వస్తే అక్క బడికి వెళ్లనంటుంది. వాడు నిద్రలో ఉలిక్కిపడితే ముందు లేచేది అదే. ఇలా రాయండి. తమ్ముడికి అమ్మలా మారిపోయిన ఆరేళ్ల పాప తానూ చిన్నపిల్లే అని మళ్లీ నేర్చుకోవాల్సి ఉంటుంది. కొత్త అమ్మానాన్నలకు ఇది ముందే తెలిస్తే 'అక్క మమ్మల్ని వాడి దగ్గరికి రానివ్వడం లేదు' అని బాధపడరు, ఓపిక పడతారు.

జబ్బులు దాచొద్దు. ఫిట్స్ వచ్చినా, మాట ఆలస్యమైనా, పక్క తడిపినా రాసి ఇవ్వండి. 'చెబితే ఎవరూ తీసుకోరేమో' అనే భయం నాకు అర్థమవుతుంది. కానీ తెలియకుండా తీసుకెళ్లి, తెలిశాక తిరిగి అప్పగించిన కుటుంబం వల్ల పిల్లలకు తగిలే దెబ్బ, ఇంకొన్ని నెలలు ఎదురుచూడటం కంటే చాలా పెద్దది. అన్నీ తెలిసి వచ్చినవాళ్లే నిలబడతారు.

ఇద్దరికీ చెరో ఆల్బమ్ కూడా తయారు చేయండి. మీ ఇల్లు, బడి, టీచరు, కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లిన రోజు, పుట్టినరోజు కేకు. కన్నవాళ్ల ఫొటో దొరికితే అదీ. వెనక పెన్నుతో తేదీ, ఊరు రాయండి. ఈ ఆల్బమ్ పిల్లలతో పాటు వెళ్లాలి.

కుటుంబం ఎలా వస్తుంది

దత్తత కోరేవాళ్లు కారా పోర్టల్‌లో నమోదై, కాగితాలు పెట్టి, సోషల్ వర్కర్‌తో ఇంటి పరిశీలన చేయించుకుంటారు. దీన్ని హోమ్ స్టడీ అంటారు, దీని ఫీజు 6,000 రూపాయలు. ఏ బిడ్డ కావాలో చెప్పేటప్పుడు తోబుట్టువులకు సిద్ధమని కూడా చెప్పవచ్చు. ఆ తర్వాత నమోదైన వరుసను బట్టి పిల్లల వివరాలు వాళ్లకు వెళతాయి. నచ్చితే 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి.

వయసు లెక్క ఒకటుంది. దంపతుల వయసులు కలిపితే రెండేళ్ల లోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100, ఆపైన 110 దాటకూడదు. ఒంటరిగా దత్తత తీసుకునేవాళ్లకు ఇవే వరుసగా 40, 45, 50, 55. ఒంటరి మగవాళ్లకు ఆడపిల్లను ఇవ్వరు. పెళ్లయిన వాళ్లయితే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి.

మీరు నిజంగా 'వెతకగలిగేది' ఇక్కడే, అదీ పరోక్షంగా. మీకు తెలిసిన దంపతులు పోర్టల్‌లో నమోదై, చంటిబిడ్డ కోసం ఏళ్లుగా చూస్తూ ఉండవచ్చు. చంటిబిడ్డ కావాలంటే నిరీక్షణ చాలా ఎక్కువని, తోబుట్టువులను, కాస్త పెద్ద పిల్లలను కోరేవాళ్లు తక్కువని వాళ్లకు చెప్పండి. ఇద్దరు తోడుగా వచ్చిన పిల్లలకు కొత్త ఇల్లు తొందరగా సొంతమవుతుందని, ఒకరి పక్కన ఒకరుంటే రాత్రి భయం తగ్గుతుందని మీరు కళ్లతో చూసింది చెప్పండి. మీ ఇంట్లో ఉన్న పిల్లల పేర్లు మాత్రం ఎత్తకండి, చూపించకండి. వాళ్లు తమ దరఖాస్తులో ఇష్టం మార్చుకుంటే వరుస ప్రకారం ఏదో ఒక జంట తోబుట్టువులకు ఇల్లు దొరుకుతుంది. అది మీ పిల్లలే కానక్కర్లేదు.

దేశంలోని వాళ్లు, విదేశాల్లో ఉంటున్న భారత పౌరులు ఎవరూ ముందుకు రాకపోతే విదేశీ కుటుంబాలకు కూడా అవకాశం ఇస్తారు.

ఈ దారుల్లో వెళ్లకండి

2021లో కరోనా రెండో దశలో 'అమ్మానాన్నలు పోయారు, పాపకు రెండేళ్లు, బాబుకు రెండు నెలలు, ఎవరైనా పెంచుకోండి' అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు ఊరూరా తిరిగాయి. అదే ఏడాది జూన్‌లో ఇలాంటి అక్రమ దత్తతల మీద చర్యలు తీసుకోవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచి మనసుతో చేసినా సరే, పిల్లల ఫొటో, పేరు, బడి బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్టేటస్‌లో కూడా పెట్టొద్దు.

నోటరీ బాండు మీద సంతకాలు చేసి పిల్లల్ని ఇచ్చేయడం దత్తత కాదు. పద్ధతి తప్పించి ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు ఉంది. డబ్బు చేతులు మారితే అది పిల్లల అమ్మకం, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకు ఉన్న ఇంటికి మరో కొడుకును, కూతురు ఉన్న ఇంటికి మరో కూతురిని దత్తత తీసుకోవడం కుదరదు. కాబట్టి ఇద్దరు అన్నదమ్ములనో, ఇద్దరు అక్కచెల్లెళ్లనో ఒకే ఇంటికి ఇవ్వాలంటే ఆ చట్టం దారి మూసేస్తుంది. 'రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత దస్తావేజు రాయించేద్దాం' అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చేయండి. బాలల న్యాయ చట్టంలో ఈ అడ్డు లేదు, ఏ మతం వాళ్లకైనా అది వర్తిస్తుంది.

మీరే దత్తత తీసుకోవాలనుకుంటే

చాలా ఇళ్లలో ఈ కోరిక పుడుతుంది, దాచుకోనక్కర్లేదు. 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం పిల్లలు రెండేళ్లు మీ దగ్గర పెరిగాక దత్తతకు అడగవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఉండేది. వెంటనే డీసీపీవోకు చెప్పి, పోర్టల్‌లో నమోదు మొదలుపెట్టండి. అయితే ఇద్దర్నీ తీసుకుంటామనే అడగండి.

కుటుంబం దొరికాక

పరిచయం, అంగీకారం రిజర్వ్ చేసిన రోజు నుంచి 30 రోజుల్లో పూర్తి కావాలి. 'చిన్నవాడిని ఇస్తే చాలు' అని ఆ కుటుంబం మాట మార్చితే, మొహమాటం లేకుండా శిశుగృహ వాళ్లకు, కమిటీకి చెప్పండి. పెద్ద బిడ్డ ఇష్టం కూడా అడగాల్సిందే. ఐదేళ్లు దాటిన పిల్లల మాటకు విలువ ఉంది. 'వెళ్తావా?' అని అందరి ముందూ అడిగితే తల ఊపుతుంది. ఒంటరిగా, తెలిసిన మనిషి అడిగితే అసలు మాట వస్తుంది. ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: 'తమ్ముడు కూడా వస్తాడు కదా?'

దత్తత కుటుంబం తెలుగువాళ్లే కావాలని లేదు. మహారాష్ట్ర నుంచో, ఢిల్లీ నుంచో రావచ్చు. వచ్చేవాళ్లకు కొన్ని మాటలు మీరే నేర్పండి: అన్నం, నీళ్లు, బాత్రూమ్, నొప్పి, భయమేస్తోంది, అక్క ఎక్కడ. మీ గొంతుతో ఫోన్లో రికార్డు చేసి శిశుగృహ ద్వారా పంపితే ఇంకా మంచిది. పిల్లలకు కూడా వాళ్ల భాషలో నాలుగు మాటలు అలవాటు చేయండి. కప్పుకునే దుప్పటి ఉతక్కుండా ఇచ్చి పంపండి, తెలిసిన వాసన రాత్రి నిద్రకు సాయం చేస్తుంది. మీరు ఏడవాల్సి వస్తే పిల్లలు వెళ్లాక ఏడవండి. వాళ్లు గడప దాటేటప్పుడు 'వాళ్లు మంచివాళ్లు, నేను చూశాను' అని మీ నోటి నుంచి వినాలి.

అంగీకారం అయ్యాక పిల్లలు ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత ఉత్తర్వు రాకముందే, కొత్త ఇంటికి వెళ్లవచ్చు. ఫైలు డీసీపీవో ద్వారా జిల్లా కలెక్టర్‌కు వెళుతుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరే. రెండు నెలల్లో తేల్చాలి. ఉత్తర్వు వచ్చాక కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువీకరణ పత్రం ఇస్తారు. ఇద్దరి పత్రాల్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకే స్పెల్లింగ్‌తో పడ్డాయో లేదో చూసుకోమని వాళ్లకు చెప్పండి. బడి అడ్మిషన్ దగ్గరా, పాస్‌పోర్టు దగ్గరా అది తేడా కొడుతుంది.

తర్వాత రెండేళ్లు, ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ ఆ ఇంటికి వెళ్లి చూసి నివేదిక ఇస్తారు. కొత్త తల్లిదండ్రులకు ఇష్టమైతే మీ నంబరు శిశుగృహ ద్వారా ఇవ్వండి, మీరుగా ఫోన్ చేయకండి. మొదటి నెలల్లో అక్క మొండికేయడం, తమ్ముడు మళ్లీ పక్క తడపడం మామూలే. వాళ్లు మీకు ఫోన్ చేసి అడిగితే, మీ దగ్గర ఏం చేస్తే తగ్గిందో చెప్పండి. అంతకు మించిన ఇబ్బంది అయితే ఆలస్యం చేయకుండా తమ జిల్లా డీసీపీవోను, కౌన్సెలర్‌ను పిలవమనండి. పిల్లలకు ప్రమాదం ఉందని మీకు అనిపిస్తే 1098కు ఫోన్ చేయండి, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.